కొయ్యబారిన ల్యాప్‌టాప్

ఈస్ట్ హామ్‌లో కంప్యూటర్ల పని చేసే తెలుగువాడికి ఆదివారాలు సొంతం కావు. హై స్ట్రీట్ నార్త్‌లో మునక్కాయలు ఏరుకుంటున్నా సరే, "అన్నా, మీరు ఐటీ కదా?" అంటూ ఎవరో ఒకరు పట్టుకుంటారు. నాది సర్వర్ల పని బాబూ అంటే వినరు. డాక్టరంటే డాక్టరే, పళ్ళ డాక్టరైనా!

2016 ఆగస్టులో ఒక కుర్రాడు అలాగే దొరికాడు. ఖమ్మం దగ్గర పల్లెటూరు. ఇక్కడ ఎమ్మెస్సీ. ఒక ఇంట్లో ఏడుగురు. చేతిలో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, అందులో ఉబుంటు.

"రోజుకి మూడుసార్లు హ్యాంగవుతోందన్నా. సెప్టెంబరు మొదటి వారంలో డిసర్టేషన్ ఇవ్వాలి" అన్నాడు. కాస్త ఆగి, "అమ్మతో వీడియోలో మాట్లాడుతుంటే కూడా ఆగిపోతోంది. నేనే విసుక్కుని పెట్టేశాననుకుంటోంది" అన్నాడు.

చదువయ్యాక రెండేళ్ళు ఇక్కడ పనిచేసుకోనిచ్చే వీసాని 2012 ఏప్రిల్లో ఎత్తేశారు. 2021లో గానీ అలాంటిది మళ్ళీ రాలేదు. ఆ మధ్య ఏళ్ళలో వచ్చిన పిల్లలకి కోర్సు అయ్యాక మిగిలేవి కొద్ది నెలలే. ఊళ్ళో అప్పు తెచ్చి కట్టిన ఫీజుకి గడువు తప్పడమనే మాట లేదు.

ఇంట్లో ఆరుగురూ అప్పటికే ఒకే మందు చెప్పారట: "ఫార్మాట్ కొట్టెయ్." అమీర్‌పేటలో నేర్చుకున్న రోజుల నుంచీ వింటున్నాను ఈ మాట. జ్వరమొస్తే ఇల్లు కూలగొట్టి కట్టుకోమన్నట్టుంటుంది. పైగా రోగం ఎందుకొచ్చిందో చెప్పే సాక్ష్యాలు కూడా దాంతోపాటే పోతాయి.

మా ఇంటికి తెమ్మన్నాను. వాడు మా ఆవిడ పెట్టిన ఉప్మా తింటుండగా, యూట్యూబ్‌లో పాట మధ్యలో అది కొయ్యబారింది. క్యాప్స్ లాక్ నొక్కాను. దీపం మారలేదు. బిగుసుకున్నది తెర ఒక్కటే అయితే ఆ దీపం వెలిగి ఆరుతుంది. అదీ చావడమంటే సాధారణంగా లోపలున్న కెర్నెలే పలకడం లేదన్నమాట. ఆల్ట్, సిస్‌రెక్ మీటలు కలిపి నొక్కి కెర్నెల్‌ని నేరుగా పిలిచే పద్ధతి ఒకటుంది. దానికీ ఉలుకూ పలుకూ లేదు.

కంప్యూటర్లతో పనిలేని వాళ్ళ కోసం ఒక్క మాట. తోలుబొమ్మలాటలో మనకి కనిపించేది బొమ్మలే, ఆడించేవాడు తెర వెనక ఉంటాడు. లినక్స్‌లో ఆ వెనకవాడు కెర్నెల్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన దానికి ఇప్పుడు తొమ్మిది పది వారాలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది.

రాత్రంతా మెమరీ పరీక్ష నడిపాను. ఒక్క తప్పూ లేదు. లాగ్ చూస్తే మామూలు కబుర్లు రాస్తూ రాస్తూ, చివరి మాట చెప్పకుండానే ఆగిపోయింది. ప్రాసెసర్‌కి గంటసేపు గొడ్డుచాకిరీ చెప్పాను, చెక్కు చెదరలేదు. తేలిక పనుల్లో, పాట వింటున్నప్పుడో, ఖాళీగా పడున్నప్పుడో మాత్రం చచ్చిపోతోంది. ఇది విచిత్రంగా అనిపించింది. పని ఎక్కువై పడిపోవడం మనకి తెలుసు గానీ, విశ్రాంతిలో పడిపోవడమేమిటి?

"ఎప్పణ్ణుంచిరా ఇది?"

"జూలై చివర్లో 16.04కి అప్‌గ్రేడ్ చేశానన్నా. ఆ వారం నుంచే."

అంతకుముందు వాడి దగ్గరున్నది ఉబుంటు 14.04, కెర్నెల్ 3.16. ఇప్పుడు 4.4. అదృష్టవశాత్తూ అప్‌గ్రేడ్ పాత కెర్నెల్‌ని చంపదు, పక్కన పడుకోబెడుతుంది. మెషిన్ లేచేటప్పుడు గ్రబ్ మెనూలోకి వెళ్ళి "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" తెరిస్తే 3.16 కిందనే ఉంది. దాంతో లేపాం. మూడు రోజులు ఒక్కసారీ హ్యాంగవలేదు. మళ్ళీ 4.4తో లేపమన్నాను. వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. రోగం తగ్గితే చాలదు, కావాలన్నప్పుడు మళ్ళీ రప్పించగలిగితేనే కారణం దొరికినట్టు. సాయంత్రానికల్లా చచ్చింది.

వెతికితే, 2015లోనే కెర్నెల్ బగ్గుల పట్టికలో 109051 నంబరు కింద ఇదే రోగం రాసి ఉంది. పని లేనప్పుడు ప్రాసెసర్ మెట్టు మెట్టుగా నిద్రలోకి దిగుతుంది, ఆ మెట్లని సి-స్టేట్లంటారు. ఒక రకం చవక ప్రాసెసర్లు లోతు మెట్టు దిగి మళ్ళీ లేవడం లేదు. మొదటి మెట్టు దాటి దిగనివ్వకుండా బూట్ లైన్లో మ్యాక్స్ సి-స్టేట్ ఒకటి అని రాస్తే సరిపోతోందని చాలామంది చెప్పారు. మేమూ రాసి చూశాం. 4.4 నిలబడింది.

మరి ఏది ఉంచాలి? 3.16కి ఉబుంటు వాళ్ళు భద్రతా మరమ్మతులు ఆపేసింది సరిగ్గా ఆ ఆగస్టులోనే. మామూలుగా అయితే పాతది వద్దంటాను. కానీ వాడికున్నది మూడు వారాలు, కొత్త చిట్కాని పరీక్షించింది ఒక్క రోజు. ఏడాదిపాటు నడిచిన దాన్ని నమ్మమన్నాను. బ్యాంకు పనులు మాత్రం ఫోన్లో చేసుకోమన్నాను. అప్పటికే ఆ మెషిన్, "ఈ 3.16 ఇక అవసరం లేదు, ఆటోరిమూవ్‌తో తీసెయ్యొచ్చు" అని ప్రతి అప్‌డేట్‌కీ సలహా ఇస్తోంది. అది కావాలని ఉంచుకున్నదే అని దాని మీద గుర్తు పెట్టించాను.

సెప్టెంబరు మొదటి వారంలో రెండు బైండు కాపీలు ఒళ్ళో పెట్టుకుని డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కాడు. ఆ మర్నాడే 4.4కి మార్చాం, ఆ ఒక్క ముక్కా జోడించి. ప్రాసెసర్‌కి గాఢనిద్ర కరువయ్యాక బ్యాటరీ మూడు గంటల నుంచి రెండుంపావుకి దిగింది.

"అమ్మతో మాట్లాడ్డానికి సరిపోతుందా?" అన్నాను.

"ఆవిడతోనా! ఛార్జర్ పెట్టుకునే కూర్చుంటానన్నా."