తిరుగని తొట్టి నేర్పిన పాఠము

వానకాలమున బట్టలారబెట్టుట యెంత కష్టమో గృహిణులకు తెలిసినట్లు ఉపాధ్యాయులకు తెలియదు. మాకును 2024వ సంవత్సరము జూలై మాసము వరకు తెలియలేదు. ఆ మాసమున మా తల్లిగారు స్నానాల గది గుమ్మమున జారిపడి, తుంటి యెముక విరిగి, మంచము పట్టిరి. దినమునకు నాలుగైదు దుప్పట్లు మార్చవలసి వచ్చెడిది. బయట ఎడతెగని ముసురు. ఇంట ఎచ్చట చూచినను తడి. చెమ్మగల దుప్పటి రోగి క్రింద పరచినచో వీపు ఒరసికొనిపోయి పుండ్లు పడునని వైద్యులు ముందుగనే హెచ్చరించిరి. కావున బట్టలుతుకు యంత్రము ఆ దినములలో మాకొక ఆప్తబంధువు వంటిదయ్యెను.

అది రెండు తొట్ల యంత్రము. పెద్ద తొట్టిలో బట్టలుతుకబడును. చిన్న తొట్టిలో పిండబడును. ఒకనాటి యుదయమున పెద్ద తొట్టి యథాప్రకారము పనిచేసినది గాని, చిన్న తొట్టి మాత్రము మూలుగుచు, గానుగెద్దువలె మెల్లమెల్లగ తిరిగి, ఐదు నిమిషములైన పిమ్మట నీరోడుచున్న దుప్పటినే మా చేతికిచ్చెను. రబ్బరు మాడిన వాసనయు కొంత వచ్చెను.

అప్పుడు మేము మొదట వెదకినది కారణమును కాదు, కారకులను. ముందటి రాత్రి ఎనిమిదవ తరగతి చదువుచున్న మా కుమార్తె రెండు మందపు బొంతలను ఆ తొట్టిలో వేసియుండెను. "బరువు మిక్కిలిగ వేసి మోటారును చెడగొట్టితివి" అని గద్దించితిమి. ఆ పిల్ల మారు పలుకక నాయనమ్మ గదిలోనికి పోయెను. మరమ్మతు చేయు నొకరికి ఫోను చేయగా, ఆయన యంత్రమును చూడకయే మోటారు మార్చవలసియుండుననియు, తాము వచ్చుటకు నాలుగు దినములు పట్టుననియు చెప్పెను. నాలుగు దినములు! మేము లెక్కించుచున్నది దినములు గావు, దుప్పట్లు.

ఆ రాత్రి తల్లిగారికి మందిచ్చుటకు పోగా, ఆమె మెల్లగ నిట్లనిరి: "యంత్రము తిరుగలేదని పొద్దుటి నుండి చూచుచున్నావు. పిల్ల అన్నము తినలేదని చూచితివా, నాయనా?"

మేము సిగ్గుపడి వెలుపలికి వచ్చి, ఆ యంత్రము ముందు కూర్చుండి, తరగతిలో పిల్లలకు బోధించు విషయమునే మాకు మేము బోధించుకొన నారంభించితిమి. తాడుకు రాయి కట్టి త్రిప్పినపుడు తాడు తెగినచో, రాయి వలయమును విడిచి తిన్నగ పోవును. తొట్టిలోని బట్టను తొట్టిగోడ లోపలికి నెట్టుచు వలయముగ త్రిప్పును. గోడకు రంధ్రములున్నచోట నీటిని అట్లు నెట్టునది లేదు గనుక నీరు తిన్నగ వెలుపలికి పోవును. తొట్టితోపాటు తిరుగుచున్నట్లు భావించుకొని చూచువారికి ఇది ఏదో బలము బయటికి లాగినట్లు తోచును. దానికి అపకేంద్రబలమను అర్థము వచ్చు లాటిను పేరును 1659లో హాలెండు శాస్త్రజ్ఞుడగు క్రిస్టియన్ హైగెన్స్ పెట్టెను.

ఇట్టి యంత్రములలో పిండు తొట్టి నిమిషమునకు సుమారు 1,300 మొదలు 1,400 చుట్లు తిరుగును. తొట్టి కేంద్రము నుండి గోడకు 10 సెంటీమీటర్లు దూరమున్నచో, ఆ వేగమున గోడయొద్ద నీటిపై కనిపించు బలము దాని బరువునకు ఇంచుమించు 200 రెట్లగును. అయితే ఈ బలము వేగముయొక్క వర్గమును బట్టి మారును. వేగము సగమైనచో బలము నాలుగవ వంతగును. వేగము మూడవ వంతైనచో బలము తొమ్మిదవ వంతే. తొట్టి తిరుగుచున్నది గదా యని తృప్తిపడరాదు. చాలినంత వేగముగ తిరుగనిది బట్టను పిండజాలదు.

ఇక కారణమును వెదకితిమి. కెపాసిటరు నీరసించినచో మోటారు మూలుగుచు కదలలేక నిలిచిపోవుట సాధారణము. మా తొట్టి తనంతట తానే కదలుచున్నది. బట్టలు ఒక ప్రక్కకు చేరినచో తొట్టి దడదడలాడును. ఆ చప్పుడు లేదు. బరువే కారణమైనచో, బరువు తీసినంతనే వేగమందుకొనవలెను. ఖాళీ తొట్టిని, మూత మూసి, త్రిప్పి చూచితిమి. అదియు మెల్లగనే తిరిగెను! ఈ పరీక్షకు పట్టినది ఒక్క నిమిషము. గద్దించుటకు ముందే చేయదగిన పరీక్ష యిది.

మరునాటి యుదయమున మా కుమార్తెను సాయమునకు పిలిచితిమి. ఆమె టార్చిలైటుతో వచ్చెను. ప్లగ్గును ఊడదీసి, యంత్రము వెనుకటి రేకును విప్పితిమి. ప్లగ్గు తీసిన పిమ్మటను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండవచ్చును గనుక దాని జోలికి పోలేదు. మూత క్రిందనుండు మీటను ఆమె వ్రేలితో నొక్కిపట్టగా, మేము తొట్టిని చేతితో త్రిప్పితిమి. తేలికగ తిరుగవలసినది బిగుసుకొనియుండెను. మోటారును నిందించుటకు ముందు, తొట్టిని పట్టుకొనియున్న దేమో చూడవలెనని తేలినది.

క్రింద మోటారునకును తొట్టికిని గల బంధము మరలను వదలుచేసి, తొట్టిని పైకి ఎత్తితిమి. దాని యడుగున ఇరుసుకు చుట్టుకొని నీలపుటంచు చేతిరుమాలొకటి యుండెను. బట్టలపై నుంచవలసిన చిల్లుల పళ్లెమును ఉంచకయే, ముందటి ఆదివారము తొందరలో యంత్రము త్రిప్పినది మేమే. గిన్నె అంచు దాటి ఆ రుమాలు క్రిందికి జారినది. మా కుమార్తె దానిని వెలుగులో చూచి, "నాన్నగారూ, ఇది మీదే" అని మాత్రము పలికెను.

తొట్టిని తిరిగి బిగించితిమి గాని రోగము సగమే కుదిరెను. చేతితో త్రిప్పగా రాచుకొను చప్పుడింకను వినబడుచుండెను. ఈసారి లోపమును కనిపెట్టినది మా కుమార్తెయే. మూత మూసినపుడు ఒక తీగ లాగబడి బ్రేకు పట్టు విడువవలెను. మూత తెరచినపుడు బ్రేకు బిగిసి తొట్టిని ఆపవలెను. ఏండ్ల వాడుకచే ఆ తీగ సాగి, మూత మూసినను బ్రేకు పూర్తిగ ఎడము కాకుండెను. మాడిన వాసన అచ్చటిదే. మా యంత్రమున ఆ తీగ చివరి పట్టీకి కొన్ని రంధ్రములున్నవి. కొక్కెమును ఒక్క రంధ్రము ముందునకు మార్చితిమి. రేకు బిగించి నడిపి చూడగా తొట్టి ఈలవేయుచు పూర్ణవేగమందుకొనెను. మూత తెరచినంతనే కొన్ని సెకండ్లలో ఆగెను. అట్లు ఆగనిచో ఆ మరమ్మతు ప్రమాదకరము. బ్రేకు వదలు చేసి వేగము సంపాదించుట బాగుచేయుట కాదు.

ఖర్చు శూన్యము. గోటితో పోవుదానికి గొడ్డలి తెప్పింపబోతిమి. ఆనాటి దుప్పటి పంకా క్రింద ఆరవేయగా సాయంకాలమునకు పొడిగ చేతికి వచ్చెను. దానిని మేమును మా కుమార్తెయు చెరియొక అంచు పట్టుకొని మంచముపై పరచితిమి. అప్పుడు తల్లిగారి యెదుటనే, "అమ్మా, తప్పు మాది, నిన్ను నిష్కారణముగ నిందించితిమి" అని చెప్పితిమి. ఆ పిల్ల నవ్వి, "ఈసారి రుమాలు జేబులోనే యుంచుకొనుడు" అనెను. తల్లిగారు డిసెంబరు మాసమునకు కఱ్ఱ సాయమున నడువగలిగిరి. వారి వీపున ఒక్క పుండైనను పడలేదు.

ప్రియ విద్యార్థులారా, ఉతుకుటకు ముందు జేబులు తడవి చూడుడు. చిల్లుల పళ్లెమును మరువకుడు. బట్టలను తొట్టి చుట్టును సమముగ సర్దుడు. పెద్దలు దగ్గర లేనిదే యంత్రముల వెనుక రేకు విప్పకుడు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు ఎదుటివారిపై తప్పు మోపబోవునపుడెల్ల ఖాళీ తొట్టిని ఒక్క నిమిషము త్రిప్పి చూడుడు. ఆ నిమిషమును మేము ఆనాడు వెచ్చించియుండినచో, మా యింట ఒక పిల్ల ఆ రాత్రి పస్తుండి యుండదు.