పేరు అడిగినోళ్లం

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా బిడ్డ మొన్న ఫోన్ చేసి, ఆఫీసులో తనతో పనిచేసే అబ్బాయి నచ్చాడని చెప్పింది. "మీరిద్దరూ అట్లే కదా చేసుకున్నారు, మంచీ చెడ్డా చెప్పండి" అంది. మేము అడిగింది ఒకటే మాట: "పేరేంటి?"

ఆ మాట మా నోట్లోంచి వచ్చినందుకు ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మాది జమ్మలమడుగు. 1995లో మేమిద్దరం ఒకే ప్రైవేటు బడిలో చేరాం. ఒకరం తెలుగు చెప్పేవాళ్లం, ఒకరం లెక్కలు. ఊరికి మేమిద్దరం సాయిబులమే. మాకు మాత్రం తెలుసు, అబ్బాయి దూదేకుల, అమ్మాయి సయ్యద్. ఒక ఇంట్లో తెలుగు, ఒక ఇంట్లో ఉర్దూ. ఒక తాత విల్లు భుజాన వేసుకొని ఊరూరా దూది ఏకినాడు. ఇంకో తాత ప్రవక్త వంశమని చెప్పుకున్నాడు. సర్కారు కాగితాల్లోనూ ఈ గోడ ఉంది. దూదేకుల బీసీ-బి. 2007లో వెనకబడిన ముస్లింలకు బీసీ-ఇ కింద 4 శాతం ఇచ్చినప్పుడు సయ్యద్‌లను, పఠాన్లను అందులో చేర్చలేదు.

కలిసి పనిచేయడంలో మేలు ఉంది. పెండ్లిచూపుల అరగంటలో ఏం తెలుస్తుంది? జీతం రాని నెలలో మనిషి ఎట్లా మాట్లాడతాడో, చదువు రాని పిలగాన్ని కొడతాడో దగ్గర కూచోబెట్టుకుంటాడో స్టాఫ్‌రూములోనే తెలుస్తుంది. 1996 మార్చిలో బెంగుళూరులో ప్రపంచకప్పు మ్యాచ్ అయినాక బడి తెరిచిన రోజు, "ఏం సాయిబూ, మీవోళ్లు ఓడిపోయిరే" అన్నారొకరు. అందరూ నవ్వారు. మేమిద్దరమూ నవ్వాం. ఆ నవ్వు ఎంత దొంగదో ఒకరి ముఖంలో ఒకరం చూసుకున్నాం. మా ప్రేమ అక్కడ మొదలయింది.

కీడు కూడా ఉంది. మాటలు లేని వారంలోనూ ఒకే గదిలో కూచోవాలి. మన సంగతి మనకంటే ముందు అటెండరుకు, పిల్లలకు తెలుస్తుంది. తెలిసినాక యాజమాన్యం మానుకోమన్నది ఇద్దరినీ కాదు, ఆడమనిషినే. రెండేండ్లు ఒక్క జీతంతో బతికినాం. మేమిద్దరం సమానమైన పంతుళ్లం కాబట్టి సరిపోయింది. అందులో ఒకరు పైఅధికారి అయివుంటే, రెండోవాళ్లు 'వద్దు' అనగలిగేవాళ్లా? 10 మంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని చట్టం వచ్చింది 2013లో. మా కాలానికి అదీ లేదు.

అమ్మాయి ఇంట్లో ఒకటే మాట: "దూదేకులోడా?" బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ అని, వెంకటేశ్వరస్వామిని అల్లుడనుకొని ఉగాదికి దేవుని కడప గుడికి పోయే ముసల్మానులున్న జిల్లా మాది. దేవుణ్ని అల్లుడనుకోగలిగాం గానీ, దూదేకుల అల్లుణ్ని ఒప్పుకోలేకపోయాం. నిఖాలో అమ్మాయి ఒప్పుకోలు అడగకుండా ఖాజీ ముందుకు పోడు. ఆమె ఇష్టం ఇంట్లో మాత్రం ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం ఒక వైపు చాపలు ఖాళీగానే ఉన్నాయి.

ఇంత పడిన మేమే బిడ్డను పేరు అడిగాం. చెప్పింది. మా పేర్లలోది కాదు.

మా నిఖా ఒక సాయంత్రంతో అయిపోయింది. వీళ్లిద్దరూ మతం మారకుండా చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి, ఆఫీసు గోడకు దాన్ని అంటిస్తే 30 రోజులు ఎదురుచూడాలి. ఆ 30 రోజుల్లో ఎవరు చదువుతారో, ఎవరు వస్తారో! అవతలివాళ్లను తలచుకొని భయపడ్డాం. తర్వాత 2022 మే గుర్తొచ్చింది. హైదరాబాదు సరూర్‌నగర్‌లో, మా మతం అమ్మాయిని చేసుకున్న దళిత యువకుణ్ని నడిరోడ్డు మీద చంపారు. ఆ కేసులో అమ్మాయి అన్న అరెస్టయ్యాడు. భయపడాల్సింది అవతలివాళ్లకే కాదు, మనవాళ్లకు కూడా.

మరుసటి రోజు మేమే ఫోన్ చేశాం. "పేరు అడిగినందుకు ఏమనుకోకు బేటా. అడగాల్సినవి వేరే ఉన్నాయి. అతను నీకు పైఅధికారా? నువ్వు వద్దంటే నీ ఉద్యోగం నిలబడుతుందా? రేపు ఇద్దరిలో ఒకరు మానాల్సి వస్తే, మానేది నువ్వేనని అతను ముందే అనుకున్నాడా?"

బిడ్డ కాసేపు మాట్లాడలేదు. "ఆ మూడోది అప్పట్లో మీరు ఒకరినొకరు అడుక్కున్నారా?" అంది.

అడుక్కోలేదు. మాలో ఒకరం ఇప్పటికీ ఆ బడి ముందునుంచి పోవాల్సి వస్తే పక్క సందులోంచి పోతాం.