ఆనందభైరవికి ఏ కార్డ్?

భద్రాచలంలో గిటార్ వాయించే ఇద్దరు కలిస్తే, మాట ఎక్కడ మొదలైనా ఆనందభైరవి రాగంలోని "పలుకే బంగారమాయెనా"కి ఏ కార్డ్ వెయ్యాలన్న దగ్గరికే వస్తుంది. షడ్జమం 'జి' అనుకుంటే జి మైనర్ సిక్స్ అంటాను నేను. మధ్యవేలు ఆరో తీగ మూడో ఫ్రెట్, చూపుడువేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్, ఉంగరపువేలు మూడో ఫ్రెట్‌లో రెండు, మూడు తీగల మీద అడ్డంగా. ఐదో తీగ మోగొద్దు. చతుశ్రుతి ధైవతం కూడా వచ్చేసింది, ఇంకేం కావాలి?

"మరి గాంధారం ఊగేదెట్లా అన్నా?" అంటాడు మా తమ్ముడు. నిజమే, కార్డ్ బిగిస్తే గమకం చస్తుంది. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నది గమకం కోసమే కదా! 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించాడు, తర్వాత గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నాడు.

ముక్కోటికి స్టేజి మీద కార్డ్ నాది, గాంధారం వాడిది. పాల్వంచ, కొత్తగూడెం వైపు బాస్ వాయించేవాళ్లుంటే చెప్పండి.