అట్టముక్కల డాళ్ళు

కత్తిని తయారు చేసిన మనిషే డాలునూ తయారు చేశాడు. కాని చరిత్రలోనూ కథలలోనూ కత్తికి దక్కిన కీర్తి డాలుకు దక్కలేదు. వీరుని ఖడ్గాన్ని వర్ణించిన కవులు అతని ఎడమచేతిలోని వస్తువును ఒక్క మాటతో దాటి వెళ్ళారు. మన భద్రతా విభాగం వారి పరిభాషలో చెప్పాలంటే, డాలు మానవజాతి తొలి వ్యక్తిగత రక్షణ సాధనాలలో ఒకటి. అటువంటి వస్తువును గూర్చి ఒక ఇంజనీరు నాలుగు మాటలు వ్రాయడం అసమంజసం కాదని తలుస్తాను.

సూరత్ నగరంలోని నవాగామ్, డిండోలీ, లింబాయత్, ఉధనా ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు విస్తారంగా ఉన్నాయి. వీరిలో అధికులు మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన నేతపనివారు. జనవరి 14న ఈ ఊరంతా మేడల మీదికి ఎక్కి గాలిపటాలు ఎగురవేస్తుంటే, మా ఇంట మాత్రం కోస్తా జిల్లాల ఆచారం ప్రకారం బొమ్మల కొలువు పెడతాము. గత సంక్రాంతికి కొలువులో బొబ్బిలి కోటను నిలపాలని పిల్లలు పట్టుబట్టారు. కోటకు మట్టి ఉంది, సైనికులుగా పాత కర్రబొమ్మలు ఉన్నాయి, లేనివి డాళ్ళు. అంగడిలో దొరకని వస్తువును ఇంట్లోని వ్యర్థాలతో చేయవలసి వచ్చింది.

మొదటిది కొలత. మా బొమ్మ ఎత్తు 10 సెంటీమీటర్లు. మనిషి ఎత్తు 165 సెంటీమీటర్లు అనుకుంటే నిష్పత్తి 16.5కు 1. దక్కనులో వాడిన గుండ్రని తోలు డాలు వ్యాసం సుమారు 45 నుండి 60 సెంటీమీటర్లు. కనుక బొమ్మ డాలు 27 నుండి 36 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఇంతకు మించితే సైనికుడు పళ్ళెం పట్టుకున్న వంటవానిలా కనబడతాడు.

రెండవది పదార్థం. మా పొరుగున ఒక పెద్దాయన ఉన్నారు. మగ్గాల మీద ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషి. ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చిన తరువాత మూలపడిన పాత రంధ్రాల అట్టలను ఒక కట్ట తెచ్చి ఇచ్చారు. 1804లో ఫ్రాన్సులో జకార్డ్ రూపొందించిన మగ్గానికి ఏ పోగు లేవాలో, ఏది ఆగాలో చెప్పినవి ఇటువంటి అట్టలే. దళసరిగా, గట్టిగా ఉంటాయి. రంధ్రాలే చిక్కు. అందుకు ఒక పొర మీది రంధ్రం రెండవ పొర మీది రంధ్రానికి ఎదురుపడకుండా రెండు పొరలు అతికించి, మిగిలిన గుంటలను చింతగింజల జిగురులో కలిపిన రంపపు పొట్టుతో పూడ్చాము. కొండపల్లి బొమ్మల పనివారు అతుకులకు వాడేది ఈ ముద్దే.

మూడవది ఆకారం. చదునైన అట్ట డాలు కాదు. ఒంపు ఉన్న పలక, అదే మందం గల చదును పలక కంటె వంగకుండా నిలుస్తుంది. పైగా తగిలిన దెబ్బను ప్రక్కకు జార్చివేస్తుంది. 36 మిల్లీమీటర్ల వృత్తం కత్తిరించి, కేంద్రం వరకు ఒక గాటు పెట్టి, అంచులను 20 డిగ్రీల మేర ఒకదానిపై ఒకటి జరిపి అతికిస్తే, మధ్యభాగం సుమారు 6 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. అంచు వ్యాసం 34 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. లోపలి పొర గాటు, పై పొర గాటుకు సరిగ్గా ఎదురు దిక్కున ఉండాలి. తరువాత నల్లరంగు. జరీ పనిలో మిగిలిన బంగారు రంగు చమ్కీలు నాలుగు పైన అంటిస్తే అవే గుబ్బలు. అసలు డాలు మీద ఆ గుబ్బలు అలంకారం మాత్రమే కావు. వెనుకనున్న పిడి కడియాలను పట్టి ఉంచే మేకులను అవి కప్పుతాయి. మేము కాలిపోయిన మోటారు చుట్టలోని రాగితీగను పిడిగా బిగించాము.

పాశ్చాత్య దేశాలలో బొమ్మ సైనికులతో యుద్ధక్రీడ ఆడేవారు నేటికీ అట్టతో, గుండీలతో ఇలాగే డాళ్ళు చేసుకుంటారు. ఆ వినోదానికి నియమాలు కూర్చి హెచ్. జి. వెల్స్ 1913లో ఒక చిన్న పుస్తకమే ప్రకటించాడు.

డాళ్ళు పంచే వేళ పెద్దాయన మనుమడు ఒక ప్రశ్న వేశాడు: “బుస్సీ సిపాయిలకు డాళ్ళు లేవేంది?” తుపాకిని పట్టడానికి రెండు చేతులూ కావాలి, పైగా తోలు డాలు సీసపు గుండును ఆపజాలదు అని చెప్పాను. 1757 జనవరి 24న బొబ్బిలి కోట గోడల వద్ద జరిగినది అదే. విజయనగరం వారికీ డాళ్ళున్నాయి, బొబ్బిలి వారికీ ఉన్నాయి. ఫిరంగి ముందు రెండూ ఒక్కటే. లోపల స్త్రీలూ పిల్లలూ తమవారి చేతులలోనే మరణించారు. కత్తికి సరిపడిన డాలు ఫిరంగికి సరిపడదు. ప్రమాదం మారినప్పుడు రక్షణ కూడా మారవలసిందే.

పెద్దాయన ఈ మాటలు వినలేదు. వినబడలేదు అనడం సరి. మరమగ్గాల చప్పుడు సాధారణంగా 90 డెసిబెల్స్ దాటుతుంది. మన దేశంలో ఎనిమిది గంటల పనికి విధించిన హద్దు అదే. ముప్పై ఏళ్ళు ఆ శబ్దంలో నిలబడిన చెవులకు ఏనాడూ ఏ డాలూ లేదు. మా కొలువులోని నలభై కర్రబొమ్మలకు డాళ్ళు సమకూర్చిన అట్టలు ఆ మగ్గాల నుండి వచ్చినవే కదా అన్న ఆలోచన నన్ను చాలాసేపు వదలలేదు.

మరునాడు నాలుగు జతల చెవి బిరడాలు తీసుకొని వెళ్ళాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు. “ఇవి పెట్టుకుంటె మగ్గం మాట ఎట్ల ఇనబడుతది సారూ? పోగు తెగితె, షటిల్ ఆడకపోతె చెవితోనె గదా తెలిసేది” అన్నారు. ఆ మాటను నేను తేలికగా కొట్టివేయలేదు. చెవి కూడా ఒక పనిముట్టే. దానిని మూసివేసే రక్షణను ఏ పనివాడు ఇష్టపడతాడు? అయితే బిరడా శబ్దాన్ని పూర్తిగా ఆపదు, తగ్గిస్తుంది. లయ తప్పినప్పుడు ఆ తేడా లోపలికి చేరుతూనే ఉంటుంది. ఈ సంగతి కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి చూపించాను. ఆయన కొంతసేపు చదివి, ఒక జత తన వద్ద ఉంచుకొని, మిగిలిన మూడు జతలను మగ్గాల పనికి వెళ్ళే కొడుకు చేతిలో పెట్టారు.

కర్మాగారాలలో శిరస్త్రాణం, చేతొడుగులు, కళ్ళద్దాలు పంచిపెట్టి మన బాధ్యత తీరిందనుకుంటాము. పిడి సరిగా లేని డాలును సైనికుడు మోయడు. పనికి అడ్డువచ్చే రక్షణను కార్మికుడు ధరించడు. దానిని రూపొందించేవారు ముందుగా కొలవవలసినది పట్టుకొనే చేతిని, వినవలసినది ఆ పనివాని మాటను. ఆ కొడుకు బిరడాలు పెట్టుకుంటున్నాడో లేదో, పెట్టుకుంటే మగ్గం మాట అతనికి వినబడుతున్నదో లేదో ఈ వారం వెళ్ళి అడగవలసి ఉంది.