పేకాట, తంబోలా, పిల్లలాట: బెంజ్ సర్కిల్ నుంచి కృష్ణలంక దాకా

విజయవాడలో ఎవరికైనా దారి చెప్పాలంటే బెంజ్ సర్కిల్ నుంచే మొదలుపెట్టాలి. చెన్నై వెళ్ళే బస్సు, కోల్‌కతా వెళ్ళే లారీ, హైదరాబాద్ నుంచి బందరు పోయే కారు... అన్నీ ఈ కూడలి మొహం చూసి పోవాల్సిందే. 16వ నంబరు జాతీయ రహదారి, బందరు రోడ్డు కలిసే చోటు ఇది. "బెంజ్ సర్కిల్‌లో దిగి ఫోన్ చెయ్యి" అనే మాట విననివాళ్ళు ఈ ఊళ్ళో ఉండరు.

పేరు వినగానే ఖరీదైన కారు గుర్తొస్తుంది కదా! పాతవాళ్ళు చెప్పేది మాత్రం లారీ కథ. 1954 నుంచి టాటా వాళ్ళు జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి మన దేశంలో లారీలు తయారుచేశారు. ఆ బండ్లకు సంబంధించిన షోరూమ్ ఇక్కడ ఉండేదని, ఆ పేరే కూడలికి స్థిరపడిపోయిందని అంటారు. నమ్మడం కష్టమేమీ కాదు. దగ్గర్లోనే ఆటోనగర్. లారీకి బాడీ కట్టాలన్నా, ఇంజిన్ విప్పాలన్నా, టైరు మార్చాలన్నా అక్కడికే వెళ్ళాలి. ఈ ఊరు సగం బతికేది చక్రాల మీదే.

ఈ లారీ సంగతి గుర్తుపెట్టుకోండి. కరోనా కాలంలో ఈ చుట్టుపక్కల జరిగిన ఒక కథకి, పిల్లల ఆటలకి, లారీకి గట్టి సంబంధం ఉంది.

రోడ్డు ఖాళీ, ఆడేవాళ్ళు లేరు

2020 మార్చి 19 నుంచే రాష్ట్రంలో బడులు మూసేశారు. 22న ఆదివారం, జనతా కర్ఫ్యూ. విజయవాడలో మొదటి కేసు బయటపడింది కూడా ఆ వారాంతంలోనే. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మొదట 21 రోజులన్నారు. తర్వాత మే 3 అన్నారు, ఆ తర్వాత మే 17, చివరికి మే 31.

పగలూ రాత్రీ హారన్లతో మోగే బెంజ్ సర్కిల్ ఒక్కసారిగా మూగబోయింది. అప్పటికి ఒకవైపు ఫ్లైఓవర్ తయారై ఉంది, రెండో వైపుది ఇంకా రావాలి. కింద రోడ్డు, పైన వంతెన, రెండూ ఖాళీ. సందుల్లో మూడు ఇటుకలు పేర్చి వికెట్లనుకుని ఆడే పిల్లలకి ఇంతకంటే పెద్ద గ్రౌండ్ ఎక్కడ దొరుకుతుంది? ఈ కూడలిలో క్రికెట్ ఆడుకునేంత చోటు దొరికింది బహుశా ఆ రోజుల్లోనే. ఆడటానికి మాత్రం అనుమతి లేదు.

పటమట వైపు అపార్టుమెంట్లలో గేట్లు మూశారు. సెల్లార్‌లో సైకిలు తొక్కొద్దన్నారు, లిఫ్ట్ బటన్ ముట్టుకోవద్దన్నారు. అయినా పిల్లలకి మేడ ఉంది, బాల్కనీ ఉంది, తలుపేసుకోడానికి ఒక గది ఉంది. అటకమీద నుంచి క్యారమ్ బోర్డు దిగింది. అమ్మమ్మలు సుద్దముక్కతో అష్టాచెమ్మా గీసి గవ్వలు వెయ్యడం నేర్పారు. గవ్వలు లేనిచోట చింతపిక్కలు అరగదీశారు. బోలెడంత ఫోన్ కూడా ఉంది. "ఇంట్లోనే ఉండండి" అనే మాట అక్కడ విసుగే గానీ అసాధ్యం కాదు.

ఇప్పుడు రోడ్డు దాటి అవతలికి వెళ్దాం.

లంకలో ఇల్లంటే సందు కూడా

బెంజ్ సర్కిల్ నుంచి స్క్రూ బ్రిడ్జి మీదుగా బందరు కాలవ దాటి, వారధి దిక్కుగా వెళ్తే కృష్ణలంక వస్తుంది. తొందర లేకుండా నడిచినా అరగంటకి కాస్త అటూ ఇటూ. లంక అంటే ఏటిలో తేలిన నేల. ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు కాలవ, మధ్యలో ఒకదాన్నొకటి ఆనుకుని వేల ఇళ్ళు. లారీ డ్రైవర్లు, మెకానిక్కులు, ముఠా కూలీలు, ఆటోవాళ్ళు, ఇళ్ళల్లో పనికెళ్ళే ఆడవాళ్ళు, చిన్న ఉద్యోగులు.

ఇక్కడ చాలా ఇళ్ళకి సందే వరండా. గుమ్మం ముందు రెండు మెట్లుంటే అదే డ్రాయింగ్ రూమ్. సాయంత్రమైతే కూర తరుక్కోవడం, జడ వేయడం, పిల్లాడికి అన్నం పెట్టడం, గొడవపడటం, రాజీపడటం... అన్నీ ఆ మెట్ల మీదే. ఒక గది, ఒక వంటిల్లు ఉన్న ఇంట్లో ఐదుగురు. ఏప్రిల్ ఎండలో పైన రేకులు కాలుతుంటే ఆ ఐదుగురూ రోజంతా లోపలే ఉండాలంటే ఎలా ఉంటుందో ఊహించండి.

అందుకే జనం మెట్ల మీదికొచ్చారు. మగవాళ్ళు పేక తీశారు. ఆడవాళ్ళు తంబోలా పెట్టుకున్నారు. పిల్లలు ఆటల్లో పడ్డారు.

దేశమంతా తెలిసిన పేకాట

2020 ఏప్రిల్ 25. అప్పటి కృష్ణా జిల్లా కలెక్టర్ ఎ.ఎండి. ఇంతియాజ్ ఒక వీడియో సందేశం ఇచ్చారు. కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు పొద్దుపోక స్నేహితులతో, చుట్టుపక్కలవాళ్ళతో పేకాట ఆడాడని, అక్కడి ఆడవాళ్ళు గుంపుగా తంబోలా ఆడారని, పిల్లలు కూడా కలిసి ఆడుకున్నారని, ఫలితంగా 24 మందికి వైరస్ సోకిందని చెప్పారు. నగరంలోనే కార్మిక నగర్‌లో ఇంకో లారీ డ్రైవరు ద్వారా మరో 15 మందికి వచ్చిందన్నారు. కలిపితే 39.

ఆ వార్త గంటల్లో దేశమంతా పాకింది. "పేకాటతో 24 మందికి కరోనా" అనే హెడ్డింగ్ ఎంత బాగా అతుకుతుందో చూడండి! వాట్సాప్‌లో నవ్వారు, తిట్టారు, మీమ్స్ చేశారు. కృష్ణలంక పేరు చెబితే జనం రెండడుగులు వెనక్కి వేసే పరిస్థితి వచ్చింది.

కలెక్టర్ హెచ్చరిక అవసరమైనదే. అప్పటికి టీకా లేదు, మందు లేదు, ఆస్పత్రులు సిద్ధంగా లేవు. జనం గుంపులుగా కూర్చోకుండా ఆపడం తప్ప చేతిలో వేరే ఆయుధం లేదు. కానీ ఆ వార్తని ఇప్పుడు తీరిగ్గా చదివితే రెండు సంగతులు కనిపిస్తాయి.

ఒకటి, ఆ డ్రైవరు. అన్నీ ఆగిపోయిన రోజుల్లో కూడా సరుకు లారీలు ఆగలేదు. ఆగితే పాలు, ఉల్లిపాయలు, మందులు, బియ్యం ఉండవు. పటమట ఫ్లాట్‌లో డెలివరీ అయిన పప్పు ప్యాకెట్టు వెనక ఎవరో ఒక డ్రైవరు ఉన్నాడు. మనం లోపలుండటానికి బయట తిరిగినవాళ్ళు వాళ్ళు. రోజుల తరబడి స్టీరింగ్ పట్టుకుని ఇంటికొచ్చినవాడు నలుగురి మధ్య కూర్చోవాలనుకోవడం వింతేమీ కాదు. లారీ పేరు మీద కూడలిని పిలుచుకునే ఊళ్ళో, లారీ డ్రైవరు ఒక్క రోజులో విలన్ అయిపోయాడు.

రెండు, పిల్లలు. పేకాట, తంబోలా, పిల్లలాట... మూడూ ఒకే వాక్యంలో, ఒకే నేరంలా వచ్చాయి. ఈ మూడూ ఒకటేనా?

అదే వారాంతం, స్పెయిన్‌లో

కలెక్టర్ మాట్లాడిన మర్నాడే, అంటే ఏప్రిల్ 26 ఆదివారం, స్పెయిన్‌లో 14 ఏళ్ళలోపు పిల్లలు ఆరు వారాల తర్వాత మొదటిసారి గడప దాటారు. రోజుకి ఒక గంట, ఇంటికి కిలోమీటరు లోపు, పెద్దవాళ్ళు ఒకరు తోడు. అక్కడ అప్పటికే వేలమంది చనిపోయారు. అయినా పిల్లలకి ఆ గంట అవసరమని అక్కడి ప్రభుత్వం ఒప్పుకుని లెక్క రాసి మరీ ఇచ్చింది.

మన తొలి లాక్‌డౌన్ ఆదేశాల్లో కిరాణా ఉంది, పెట్రోలు బంకు ఉంది, బ్యాంకు ఉంది. పిల్లల ఆట అనే మాట లేదు. వద్దని రాసినా అదో లెక్క. అసలు వాళ్ళు గుర్తుకే రాలేదు.

వైరస్ ఎలా పాకుతుందో అప్పట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. తర్వాత స్పష్టమైంది. గాలి ఆడని గదిలో ఎక్కువమంది, ఎక్కువసేపు, దగ్గర దగ్గరగా ఉంటే ముప్పు ఎక్కువ. ఆరుబయట తక్కువ. మూసిన గదిలో గుండ్రంగా కూర్చుని గంటలు గంటలు పేక పంచుకోవడం, ఏటిగట్టున ఏడుపెంకులాట ఆడటం ఒకటి కాదు. అయితే సందు కూడా పూర్తి ఆరుబయట కాదు. నాలుగడుగుల వెడల్పు, పక్కన గోడలు. ఆడి అలసిన పిల్లాడు పోయి కూర్చునేది నాయనమ్మ మంచం మీదే. కాబట్టి కృష్ణలంక పిల్లలకి కావాల్సింది తిట్లు కాదు, ఇంకాస్త ఖాళీ చోటు. ఊళ్ళో లేనిదల్లా అదే.

గ్రౌండ్లు ఏమయ్యాయి?

ఉన్న గ్రౌండ్లకి వేరే పనులు పడ్డాయి. రద్దీ తగ్గించడానికి రాష్ట్రమంతటా రైతుబజార్లని విడగొట్టి మైదానాల్లోకి, బడుల ఆవరణల్లోకి మార్చారు. విజయవాడ ఇందిరా గాంధీ మునిసిపల్ స్టేడియంలో కొవిడ్ పరీక్షలకు జనం బారులు తీరారు. 2020 జులై 1న ఇదే బెంజ్ సర్కిల్ దగ్గర ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి జెండా ఊపితే వెయ్యికి పైగా 108, 104 వాహనాలు వరసగా కదిలాయి. ఖాళీ రోడ్డు మీద అంతటి ఊరేగింపు జరిగింది పిల్లలకోసం కాదు, అంబులెన్సుల కోసం.

పిల్లలు మెల్లగా ఫోన్లోకి జారిపోయారు. పెద్దవాళ్ళు కూడా! సందులో పేక కట్ట దాచేస్తే, ఆట ఆన్‌లైన్ రమ్మీ రూపంలో జేబులోకొచ్చింది. డబ్బులు పోగొట్టుకున్న కథలు పెరిగాయి. ఆ సెప్టెంబరులోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లని నిషేధించింది. అదే నెల 2న కేంద్రం పబ్జీని ఆపేసింది. పక్కింటివాడితో ఆడితే వైరస్, ఫోన్లో ఆడితే అప్పు. ఎటు పోవాలి?

బడి సంగతి ఇంకా ఘోరం. 2020లో పదో తరగతి పరీక్షలు రద్దు. నవంబర్ 2 నుంచి పెద్ద తరగతులు విడతలుగా తెరిచారు. చిన్నపిల్లలకి, అంటే ఒకటి నుంచి ఐదు తరగతులకి, 2021 ఫిబ్రవరి 1 దాకా బడి లేదు. మూడు నెలలు తిరక్కుండానే ఏప్రిల్ 20న మళ్ళీ మూసేశారు. మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. బడులు తిరిగి తెరిచింది ఆగస్టు 16న. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఆడుకునే బెల్లు విన్నది మూడు నెలలు కూడా కాదు.

దొంగ ఎవరో తేల్చుకోవడం, ఓడిపోతే ఏడ్చి మళ్ళీ ఆటలోకి రావడం, పెద్దవాడి దగ్గర బ్యాటింగ్ కోసం పోట్లాడటం, చిన్నవాడు ఔటైనా "ఆటలో అరటిపండు" అని వదిలెయ్యడం... ఇవన్నీ సిలబస్‌లో ఉండవు. ఆన్‌లైన్ క్లాసులో అసలే రావు. సందులో మాత్రమే నేర్పుతారు.

ఇప్పుడు వెళ్తే

ఇప్పుడు బెంజ్ సర్కిల్‌లో నిలబడితే ఆ రోజులు నమ్మబుద్ధి కాదు. రెండో ఫ్లైఓవర్‌ని 2022 ఫిబ్రవరిలో ప్రారంభించారు. పైన రెండు వంతెనలు, కింద అంతే ట్రాఫిక్. ముంబైలో మాటుంగా దగ్గర ఫ్లైఓవర్ కింద ఖాళీని 2016లో నడక దారి, తోట చేశారు. మన ఫ్లైఓవర్ కింద కూడా నీడ ఉంది, పొడవు ఉంది. ఆలోచించాల్సిన విషయమే.

బందరు రోడ్డులో ముందుకెళ్తే స్వరాజ్ మైదానం వస్తుంది. సభలు, ఎగ్జిబిషన్లు, రైతుబజారు, ఆటలు అన్నీ చూసిన నేల. 2024 జనవరి 19న అక్కడ 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. చూడాల్సిన చోటు, సందేహం లేదు. బ్యాటూ బంతీ పట్టుకుని వెళ్ళే చోటు మాత్రం కాదిక.

కృష్ణలంకలో పరిస్థితి కొంచెం వేరు. వరదొస్తే మునిగే ఆ బస్తీలకి ఏటి పొడవునా రిటైనింగ్ వాల్ కట్టారు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు మునిగింది గానీ, ఆ గోడ కృష్ణలంకని కాపాడింది. అదే ఏడాది గోడ వెంట పార్కు కూడా వచ్చింది. 2020 ఏప్రిల్‌లో లేని ఖాళీ చోటు, గాలి, ఆకాశం ఇప్పుడు అక్కడ కాస్త ఉన్నాయి. ఇంకో మహమ్మారి రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం, ఏ పిల్లలు ఎక్కడ, ఏ గంటలో ఆడుకోవాలో ముందే రాసి పెట్టుకోవడం నయం. కిరాణా కొట్టుకి టైమ్ ఇచ్చినట్టే ఆటకీ టైమ్ ఇవ్వాలి.

ఈసారి బెంజ్ సర్కిల్‌లో దిగితే మాల్‌కి వెళ్ళే ముందు ఒక గంట మిగుల్చుకోండి. సాయంత్రం ఐదు తర్వాత స్క్రూ బ్రిడ్జి దాటి లంక సందుల్లోకి నడవండి. మెట్ల మీద కబుర్లుంటాయి, ఎక్కడో పేకా ఉంటుంది. ఫోన్ జేబులో పెట్టి కాస్త చూసి నడవండి. మీ కాళ్ళ దగ్గరికి బంతి దొర్లుకుంటూ వచ్చిందంటే, "అన్నా, బాల్!" అని ఎవడో అరుస్తాడు. వెనక్కి విసరండి.