మైసూరు శాండల్ సబ్బు

మహదేవపుర నుంచి ఆంధ్రదేశానికి ప్రయాణమైనప్పుడల్లా మా పెట్టెలో బట్టల మడతల నడుమ మైసూరు శాండల్ సబ్బులు ఉండి తీరవలసిందే. మిఠాయి మరచినా అక్కడి పెద్దలు ఊరుకుంటారు గాని, సబ్బు మరచితే ఊరుకోరు! అంగళ్ళలో ఇన్ని రంగుల సబ్బులుండగా ఈ కోలసబ్బుమీదనే అంత మమకారమెందుకు?

దాని పుట్టుక వింటే కొంత బోధపడుతుంది. పూర్వం మైసూరు గంధపుచెక్క ఐరోపాకు ఎగుమతి అయ్యేది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి ఆ బేరం నిలిచిపోయింది. నాల్వడి కృష్ణరాజ ఒడయరు ప్రభువు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1916లో గంధపునూనెను ఇక్కడనే తీయించారు. ఎస్. జి. శాస్త్రిగారిని లండను పంపి విద్య నేర్పించి, ఆ నూనెతో సబ్బు చేయించారు. విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం వారు కావడం మనకు మరింత ముచ్చట. ఆ సర్కారు కార్ఖానాయే 1980లో కర్ణాటక సోప్స్ అండ్ డిటర్జెంట్స్ సంస్థగా మారింది. ఏనుగు తల, సింహపు దేహం గల శరభం నేటికీ దాని ముద్ర.

మన అద్దాల మేడల పేటనుంచి అక్కడికి దారి సులువే. గరుడాచార్‌పాళ్యలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో ఆకుపచ్చ మార్గానికి మారితే 'శాండల్ సోప్ ఫ్యాక్టరీ' అనే స్టేషనే వస్తుంది. సబ్బు పేరిట స్టేషను! పిల్లలకు చూపదగిన ముచ్చట.

అయితే సబ్బుకు ప్రాణం చెట్టు. అచ్చులో సబ్బు ఒక్కపూటలో తయారవుతుంది. గంధపుచెట్టు చేవదేరడానికి దశాబ్దాలు పడుతుంది. దొంగల గొడ్డలికీ, స్పైక్ తెగులుకూ ఎన్నో చెట్లు బలి అయినవి. పూర్వం ఎవరి నేలలో మొలచినా ఆ చెట్టు సర్కారుదే. కనుక నాటేవారు అరుదు. 2001లో చట్టం మారి, నేలగలవాడే చెట్టుకు యజమాని అయినాడు. చెట్టు నిలవకపోతే రేపు డబ్బాపై పేరే మిగులుతుంది, పరిమళం మిగలదు. ఊళ్ళో కాస్త నేల ఉన్న మనవారు ఈ సంగతి ఆలోచించాలి.

ఈ చెట్టుకొక స్వభావం ఉన్నది. అది ఒంటరిగా పెరగదు. పక్కచెట్ల వేళ్ళనుంచి కొంత ఆహారం తీసుకొని బ్రతుకుతుంది. కన్నడ సోదరుల పక్కన తరాలుగా వేళ్ళూనిన మనకు ఇది క్రొత్తగా చెప్పవలసిన మాట కాదు. తీసుకున్నదానికి బదులు పరిమళం ఇస్తున్నామా అన్నదే మనం చూసుకోవలసినది.