రెండు షీట్లు... ఓ తెరచాప!

అటు గౌతమి, ఇటు వశిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. కోనసీమలో ఒకప్పుడు అత్తారింటికెళ్లాలన్నా, కొబ్బరికాయలు అమ్ముకోవాలన్నా పడవే దిక్కు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాల్వలూ పడవదారులయ్యాయి. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ. రెండూ సాగకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడమే. వంతెనలొచ్చాయి, బస్సులొచ్చాయి... తెరచాపలు వెళ్లిపోయాయి.

ఇప్పుడు సరదాకి చిన్న పడవ చేయించుకోవాలంటే పెద్ద దుంగలు వెతకక్కర్లేదు, ప్లైవుడ్ చాలు. 1962లో డైలీ మిర్రర్ పత్రిక పేరుతో బ్రిటన్‌లో వచ్చిన ‘మిర్రర్’ పడవ అలాంటిదే. బ్యారీ బక్నెల్, జాక్ హోల్ట్ గీసిన నమూనా అది. పొడవు పదకొండు అడుగులకు కాస్త తక్కువ. ప్లైవుడ్ ముక్కల్ని రాగితీగతో కుట్టి, అతుకులపై ఫైబర్‌గ్లాస్ పట్టీ వేసి రెజిన్ పూస్తారు. కుట్టుపడవ మనకేం కొత్త? మసూలా పడవల పలకల్ని కొబ్బరితాడుతోనే కుట్టేవారు!

ఏ నమూనా అన్నది నీళ్లే చెబుతాయి. అమలాపురం వైపు కాల్వల్లో లోతు తక్కువ, వంతెనలు కిందికి, పైగా గుర్రపుడెక్క. అక్కడ అడుగు చదునుగా ఉన్న పన్నెండడుగుల పడవ హాయి. రెండు షీట్లు చివరలు అతికిస్తే ఆ పొడవు వచ్చేస్తుంది. తెరచాప కొయ్య ఊడదీసేలా ఉండాలి.

అంతర్వేది దగ్గర వశిష్ఠలో అదే పడవ ప్రమాదం. మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి కొడుతుంటే, పోటు తగ్గి నీరు బయటికి లాగుతుంటే, ఆ రెండింటి మధ్య అలలు నిటారుగా లేస్తాయి. చదును ముక్కు ఠపఠపా కొట్టుకుంటుంది. అక్కడ అంచులు ఎత్తుగా, ముక్కు కోసుగా ఉండాలి. నీళ్లు నిండినా తేలేలా లోపల గాలి పెట్టెలు కట్టించాలి. పక్కకు కొట్టుకుపోకుండా నీళ్లలోకి దించే పలక, ఇసుకదిబ్బ వస్తే పైకి లాగేసేలా ఉండాలి. ఎక్కినవాళ్లందరికీ లైఫ్ జాకెట్లు సరేసరి.

తెడ్లకు సన్నటి పడవ కావాలి, తెరచాపకు వెడల్పుది. రెండూ కుదరవు. కాల్వగట్ల కొబ్బరితోటలు ఎలాగూ గాలిని ఆపేస్తాయి గనుక తెడ్లకే ఓటేయడం మంచిది. చిన్న తెరచాప తోడు ఉంటే చాలు.

చెక్కలో మాత్రం పీనాసితనం వద్దు. ఐ.ఎస్. 710 మెరైన్ ప్లైవుడ్డే అడగాలి. మామూలుది పొరలు విడిపోతుంది. వేసవిలో కాల్వ కట్టేశాక పడవను ఒడ్డుకెక్కించి నీడలో బోర్లించాలి. కాపున్న కొబ్బరిచెట్టు కింద మాత్రం కాదు. ఆరు మిల్లీమీటర్ల పలక మీద ఓ కాయ రాలితే చిల్లే!